తెవికీలో మీ రాత ఎవరైనా తీసేస్తే: రద్దు నొక్కే ముందు చెయ్యాల్సిన పనులు

రాత్రి పదకొండింటిదాకా కూర్చుని తెలుగు వికీపీడియాలో, అదే తెవికీలో, మీ ఊరి పేజీలో రెండు పేరాలు రాశారు. పొద్దున చూస్తే లేవు. ఎవరో తీసేసి, పక్కన "మూలం లేదు" అని రెండు ముక్కలు రాసి వెళ్ళిపోయారు. కోపం వస్తుంది, రావడంలో తప్పు లేదు. కానీ ఆ కోపంలోనే రద్దు నొక్కి మన రాతని వెనక్కి తెచ్చుకుంటాం, అవతలాయన మళ్ళీ తీస్తారు, మనం మళ్ళీ పెడతాం, మధ్యాహ్నానికల్లా పేజీ చరిత్రలో ఇరవై మార్పులు చేరతాయి గానీ పేజీలో కొత్తగా ఒక్క అక్షరం చేరదు. దీన్నే దిద్దుబాటు యుద్ధం అంటారు. ఇందులో గెలిచినవాళ్ళని నేను ఇంతవరకు చూళ్ళేదు.

కొత్తలో నేనూ ఇదే చేశాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి గుడి చోళుల కాలం నాటిదని రాశాను. ఊళ్ళో అందరూ అనే మాటే, పూజారి గారు ప్రతి ఏడూ కళ్యాణంలో చెప్పే మాటే. ఒకాయన ఆధారం అడిగారు, నేను ఇవ్వలేదు, తీసేశారు. మూడు రోజులు గొడవపడ్డాను, "మీరు మా ఊరు ఎప్పుడైనా వచ్చారా" అని కూడా అడిగాను. నాలుగో రోజు ఆయనే నా చర్చ పేజీలో ఒక లింకు పెట్టారు: దక్షిణ భారత శాసనాల పదో సంపుటం, మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు శాసనాలు కూర్చి 1948లో వేసింది. "మీ ఊరి పేరుతో ఒక శాసనం ఉంది, చూడండి" అని. నేను మూడు రోజులు తిట్టుకున్న మనిషి నా పేజీ కోసం ఆ సంపుటం అంతా వెతికారు. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

మొదట పేజీ పైనున్న 'చరిత్ర' నొక్కండి. ఎవరు తీశారు, ఎంత తీశారు, సారాంశంలో, అంటే మార్పుకి కారణం రాసే చోట, ఏం రాశారు అన్నవి చూడండి. చాలాసార్లు తీసింది ఒక వాక్యమే అయి ఉంటుంది, మన కంటికి మాత్రం పేరా అంతా పోయినట్టు కనిపిస్తుంది. కారణం కాపీ అని రాసి ఉంటే అసలు వాదనకి దిగొద్దు, పేపర్లోంచో ఇంకో సైట్లోంచో ఎత్తి పెట్టిన వాక్యం ఎంత నిజమైనా అక్కడ ఉండకూడదు, మీ సొంత మాటల్లో మళ్ళీ రాసుకోండి, పని అయిపోతుంది. కారణం పొగడ్త అయితే "మహానుభావుడు", "సుప్రసిద్ధ", "చిరస్మరణీయ" లాంటివి తీసేసి మళ్ళీ చదవండి, విషయం మిగిలితే వాక్యం నిలబడుతుంది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కువగా నొచ్చుకునేది దీనికే. తెవికీ వ్యాసాల్లో గారు ఉండదు, బహువచనం ఉండదు. గాంధీ అయినా "జన్మించాడు" అనే రాస్తాం. మన పెద్దాయన పేరు పక్కన గారు తీసేశారని పోట్లాటకి దిగిన వాళ్ళు చాలామందే ఉన్నారు. అది అగౌరవం కాదు, విజ్ఞాన సర్వస్వంలో అందరికీ ఒకటే కొలత పెట్టడం. అదే చర్చ పేజీకి వచ్చేసరికి నిన్న చేరిన వాడుకరిని కూడా గారూ అనే పిలుస్తాం. దీన్ని ఎప్పుడూ వదలొద్దు. ఎంత కోపంలో ఉన్నా గారు అని మొదలుపెడితే ఆ తర్వాత రాసే వాక్యం దానంతటదే కొంచెం మెత్తబడుతుంది.

కారణం "మూలం లేదు" అయినా, "ఇది తప్పు" అయినా ఆ వ్యాసానికి ఉన్న చర్చ పేజీకి వెళ్ళాల్సిందే. మీ రాతని వెనక్కి పెట్టకుండా వెళ్ళండి. తప్పున్న పేజీ నాలుగు రోజులు అలాగే ఉంటుందని టెన్షన్ పడొద్దు, పాత రూపం చరిత్రలో భద్రంగా ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు తేవచ్చు.

అక్కడ ఏం రాయాలో ఒక పేజీతో చెప్తాను. అల్లూరి సీతారామరాజునే తీసుకోండి. పుట్టింది జులై 4 అని దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, సంవత్సరం దగ్గరే పేచీ, కొన్నిచోట్ల 1897, కొన్నిచోట్ల 1898. ఊరి దగ్గర ఇంకో పేచీ, విశాఖ జిల్లా పాండ్రంగి అని కొందరు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు అని కొందరు. ఇలాంటి పేజీలో మీరు పాండ్రంగి అని రాస్తే ఒకాయన మోగల్లు చేశారనుకోండి. చర్చ పేజీలో ఇలా రాయండి:

"నమస్కారం ఫలానా గారూ. జన్మస్థలం వాక్యంలో మీరు పాండ్రంగి తీసి మోగల్లు అని పెట్టారు. నేను చూసిన పుస్తకంలో ఫలానా పేజీలో పాండ్రంగి అని ఉంది, పుస్తకం వివరాలు కింద ఇచ్చాను. మీరు చూసిన మూలం ఏదో, ఏ పేజీలో ఉందో చెప్పగలరా? రెండూ నమ్మదగ్గవే అయితే ఎవరు ఏ ఊరు చెప్పారో పేర్లతో సహా రాద్దామని నా ఆలోచన. వారం రోజులు చూస్తాను, అప్పటిదాకా ఆ వాక్యం ముట్టుకోను."

చివర సంతకం పెట్టడం, వాళ్ళ పేరుకి లింకు ఇవ్వడం మర్చిపోకండి, లింకు లేకపోతే వాళ్ళకి నోటిఫికేషన్ వెళ్ళదు, మీరేమో జవాబు ఇవ్వలేదని అనుకుంటూ ఉంటారు.

ఆ సందేశంలో ఏమున్నాయో చూడండి. ఏ వాక్యం గురించో స్పష్టంగా ఉంది. మీ మూలం పేజీ నంబరుతో సహా ఉంది. వాళ్ళ మూలం అడిగారు తప్ప వాళ్ళకి తెలియదని అనలేదు. ఇద్దరూ ఒప్పుకోగల ఒక దారి మీరే ముందు పెట్టారు. గడువు చెప్పారు. "మీకు చరిత్ర తెలియదు", "ఏ జిల్లా వాళ్ళు మీరు" అని మొదలుపెట్టిన చర్చలు ముప్పై జవాబులు వెళ్ళినా సంవత్సరం 1897ఓ 1898ఓ అక్కడ తేలదు.

ఇలాంటి చోట అసలు చిక్కు చాలావరకు సమాచారపెట్టెలో ఉంటుంది. పక్కన పెట్టెలో జన్మస్థలానికి ఒక్క గడే ఉంటుంది కాబట్టి ఇద్దరూ ఆ గడి కోసం పోట్లాడతారు. ముందు గడిని వదిలెయ్యండి. వ్యాసం లోపల నాలుగు వాక్యాల్లో ఏ రచయిత ఏ ఊరు చెప్పారు, ఏ సంవత్సరం చెప్పారు అన్నది రాసి ఒక్కోదానికి మూలం పెట్టండి. లోపల తేలాక పెట్టెలో "1897 లేదా 1898" అని రాసుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చదివేవాళ్ళకి పెద్ద మేలు కూడా, ఈ విషయంలో తేడా ఉందన్న సంగతి వాళ్ళకి తెలిసేది అక్కడే.

ఇదే పేజీలో ఇంకో పొరపాటు జరుగుతుంది. 2022 జులై 4న భీమవరంలో 125వ జయంతి ఉత్సవాలు ప్రధాని మొదలుపెట్టారు కదా, 2022 లోంచి 125 తీసేస్తే 1897, ఇంకేం కావాలి అంటారు. కానీ అవి ఏడాది పొడవునా జరిపిన ఉత్సవాలు. 1898లో పుట్టినా 2022 జులై 4న 124 నిండి 125వ ఏడు మొదలవుతుంది. అంటే ఆ వార్తతో ఏ సంవత్సరమూ రుజువు కాదు. మూలంలో లేని మాటని మనం లెక్కగట్టి తేల్చడం, రెండు మూలాలు కలిపి మూడో ముగింపు తియ్యడం, ఇదంతా సొంత పరిశోధన కిందికే వస్తుంది. సొంత పరిశోధన చెయ్యండి, చెయ్యాలి, కానీ అది పత్రికలోనో పుస్తకంలోనో అచ్చయి పదిమంది చూశాక వికీకి రావాలి.

ఇప్పుడు మూలాల సంగతి, గొడవల్లో ముప్పాతిక వంతు ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. "నాకు తెలుసు" అన్నది మూలం కాదు, మీకు నిజంగా తెలిసినా సరే. ఆదిలాబాద్‌లో కూర్చుని చదివే అమ్మాయి మీ తాతయ్యకి ఫోన్ చేసి అడగలేదు, లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెరవగలదు. నిర్ధారత్వం అని తెవికీలో వాడే పెద్ద మాటకి అర్థం ఇంతే.

ఊరి చరిత్రకి మన దగ్గర నాలుగు రకాల ఆధారాలు దొరుకుతాయి, నాలుగూ ఒకటి కాదు. గుడి దగ్గర అమ్మే స్థలపురాణం పుస్తకం ఉంటుంది. దాన్ని వాడొచ్చు, "స్థలపురాణం ప్రకారం" అని ముందు పెట్టి వాడాలి, అక్కడ జనం ఏం నమ్ముతారో చెప్పడానికి దానికంటే మంచి ఆధారం లేదు. తర్వాత కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రల రాతలు, ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులూ మిగతా సహాయకులూ రెండు వందల ఏళ్ళ కింద ఊరూరా సేకరించినవి. ఆ రోజుల్లో ఊళ్ళో ఏం చెప్పుకునేవారు, మాన్యాలు ఎవరివి అన్నవాటికి ఇవి బంగారం. వెయ్యేళ్ళ కిందటి రాజు గురించి కైఫీయత్తు చెప్పేది మాత్రం విన్న మాటే. మూడోది శాసనం. శాసనాన్ని మీరే గోడ మీద చదివి రాయకండి, శాసన పరిష్కర్తలు చదివి అచ్చువేసిన పాఠం, వాళ్ళు ఇచ్చిన తేదీ తీసుకోండి. పైగా శాసనం తేదీ గుడి కట్టిన తేదీ కానక్కర్లేదు, దీపానికి గొర్రెల్ని దానం చేసిన శాసనం వేసే నాటికి గుడి ఉంది అని మాత్రమే అది చెప్తుంది. నాలుగోది ఈ మూడింటినీ చూసి చరిత్రకారులు రాసిన పుస్తకం, వ్యాసం, విశ్వవిద్యాలయం సిద్ధాంత గ్రంథం. చాలా సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి, ఇంత దగ్గర్లో ఉన్నా మనం సరిగ్గా వాడుకోవట్లేదని నాకు బాధ. గొడవ వచ్చినప్పుడు ఈ నాలుగో రకాన్ని వెతకండి, మొదటి మూడింటిని ఎలా తూచాలో వాళ్ళు అప్పటికే రాసి ఉంటారు.

కులాల పేజీలకి వెళ్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకం అందరికీ దొరుకుతుంది, కాబట్టి అందరూ అదే పెడతారు. ఇంగ్లీషు వికీలో కులాల విషయానికి అలాంటి బ్రిటిష్ కాలపు అధికారుల పుస్తకాలని నమ్మదగ్గ మూలంగా తీసుకోరు, ఈ మధ్యకాలపు సామాజిక శాస్త్రవేత్తల పని అడుగుతారు. కులసంఘం వేసిన సావనీరు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈ పేజీల్లో మీ సొంత కులం గురించి రాయకుండా ఉండగలిగితే అదే మంచిదని నా సలహా.

పేపరు వార్త పెడితే పేపరు పేరు, తేదీ, ఏ ఎడిషన్, ఎన్నో పేజీ అన్నీ రాయండి. లింకు ఒక్కటే పెడితే మన తెలుగు పేపర్ల సైట్లలో కొన్నాళ్ళకి అది పనిచెయ్యదు, అప్పుడు మీరు పెట్టిన నిజమైన వార్తని కూడా ఎవరైనా "లింకు లేదు" అని తీసేస్తారు. అందుకే లింకు ఇచ్చిన రోజే దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దాచి ఆ లింకు కూడా జోడించండి. ఒక నిమిషం పని. ఇంకో మాట, చాట్‌బాట్ ఇచ్చిన పుస్తకం పేరుని మీరు తెరిచి చూడకుండా మూలంగా పెట్టకండి. లేని పుస్తకాలు, లేని పేజీలు నమ్మకంగా చెప్తాయి, ఆ ఒక్కటి దొరికితే మీరు రాసిన మిగతా మూలాలన్నిటి మీదా అనుమానం వస్తుంది.

గుండ్రంగా తిరిగే మూలం ఒకటుంది, ఇది పట్టుకోవడం నేర్చుకోవాలి. ఎవరో మూలం లేకుండా తెవికీలో ఒక వాక్యం రాస్తారు, ఒక వార్తా సైటు దాన్ని ఎత్తుకుని జయంతి వ్యాసం వేస్తుంది, తర్వాత ఇంకొకరు ఆ సైటునే తెవికీలో మూలంగా పెడతారు. పట్టుకోవడం ఇలా: పేజీ చరిత్రకి వెళ్ళి మధ్యలో ఏదో ఒక తేదీ నాటి పాత కూర్పు తెరవండి. ఆ వాక్యం ఉందా? ఉంటే ఇంకా వెనక్కి, లేకపోతే ముందుకి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే వెయ్యి మార్పులున్న పేజీలో కూడా పది నొక్కుల్లో ఆ వాక్యం పుట్టిన రోజు దొరుకుతుంది. వార్త తేదీ దానికంటే తర్వాతిదై, మాటలు కూడా అవే అయితే అది మూలం కాదు. రెండు తేదీలూ చర్చ పేజీలో పెట్టండి, ఇంక ఎవరూ వాదించరు.

సినిమా కలెక్షన్ల మీద జరిగే గొడవల్లో సగం అసలు గొడవలే కావు. ఒకరు గ్రాస్ చెప్తారు, ఇంకొకరు షేర్ చెప్తారు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్, పన్నులూ థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్, రెండూ ఎలా ఒకటవుతాయి? ముందు అది తేల్చండి. మన దేశంలో లెక్కలు అధికారికంగా ప్రకటించే సంస్థ లేదు కాబట్టి నిర్మాతల పోస్టర్ మీది అంకె నిర్మాతలు చెప్పిన అంకె మాత్రమే, రాస్తే అలాగే రాయాలి, మూలాల మధ్య తేడా ఉంటే ఇంతనుంచి ఇంతదాకా అని రాయాలి.

జిల్లాల గొడవ ఇంకా తేలిక. తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి, జనాభా లెక్కలేమో 2011వి, పాత జిల్లాల ప్రకారం ఉంటాయి. ఇద్దరూ చెప్పేది నిజమే. ఇప్పటి జిల్లాకి ప్రభుత్వ ఉత్తర్వు మూలంగా పెట్టి, "2022కి ముందు ఫలానా జిల్లాలో ఉండేది" అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

బతికున్న మనుషుల పేజీలకి మాత్రం పై నిదానం పనికిరాదు. ఎవరి మీదైనా మూలం లేని ఆరోపణ కనిపిస్తే వెంటనే తీసెయ్యండి, చర్చ తర్వాత. కేసు నమోదైంది, ఛార్జిషీటు వేశారు, శిక్ష పడింది, ఈ మూడు వేర్వేరు మాటలు, మూలంలో ఏది ఉంటే అదే రాయాలి. మన వాక్యం ఒక మనిషి ఉద్యోగం పోగొట్టొచ్చు, ఒక ఇంట్లో పెళ్ళి ఆపొచ్చు.

వారం చూశారు, జవాబు రాలేదు. అప్పుడు మీ మూలంతో మార్పు చెయ్యండి, సారాంశంలో "చర్చ పేజీ చూడండి" అని రాయండి. జవాబు వచ్చింది, ఇద్దరూ తేల్చుకోలేకపోయారు. అప్పుడు తెవికీలో అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టండి, మీ వాదన ఒక పేరా, వాళ్ళ వాదన ఒక పేరా, వాళ్ళ వాదనని వాళ్ళు చదివినా ఔననేలా రాయండి. ఇది కష్టమైన పని, కానీ ఇది రాస్తుండగానే చాలాసార్లు మనకే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. నిర్వాహకుల్ని పిలిచేది తిట్లు మొదలైనప్పుడు, రద్దులు ఆగనప్పుడు. పేజీకి సంరక్షణ పెట్టడం, అవసరమైతే వాడుకరిని నిరోధించడం వాళ్ళ పని, 1897ఓ 1898ఓ తీర్పు చెప్పడం వాళ్ళ పని కాదు.

ఇంగ్లీషు వికీలో తెలుగు విషయాలు దిద్దేవాళ్ళకి అక్కడ ఇంకా మెట్లున్నాయి. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకి మించి ఇతరుల మార్పుల్ని తిరగ్గొడితే నిరోధం పడొచ్చు, మూడు దాకా చెయ్యడం హక్కు అని కూడా అనుకోవద్దు. ఇద్దరి మధ్యే అయితే మూడో మనిషి అభిప్రాయం అడిగే పేజీ ఉంది, మూలం నమ్మదగ్గదా అని అడగడానికి వేరే నోటీసుబోర్డు ఉంది, మామూలుగా 30 రోజులు నడిచే బహిరంగ అభిప్రాయ సేకరణ ఉంది. తెవికీలో రోజూ పనిచేసేవాళ్ళు తక్కువ. ఇక్కడ ఇవాళ మీతో వాదించిన మనిషే రేపు మీ వ్యాసంలో అచ్చుతప్పులు దిద్దుతారు, ఎల్లుండి మూస (టెంప్లేటు) పాడైతే బాగుచేస్తారు. ఆ మనిషిని పోగొట్టుకుంటే వచ్చే నష్టం ఒక వాక్యం పోతే రాదు.

చెయ్యకూడనివి మూడు చెప్తాను. వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి "అందరూ వెళ్ళి మన వైపు రాయండి" అనొద్దు, తలలు లెక్కపెట్టి అక్కడ ఏదీ తేల్చరు, మీ మాట మీద నమ్మకం మాత్రం పోతుంది. ఇంకో ఖాతా తెరిచి మిమ్మల్ని మీరే సమర్థించుకోవద్దు, తెలిసిపోతుంది. మీ కంపెనీ, మీ పుస్తకం, మీ బంధువు గురించి అయితే పేజీ ముట్టుకోకుండా చర్చలో అడగండి, డబ్బు తీసుకుని రాస్తుంటే ఆ సంగతి బయటపెట్టాలని వాడుక నియమాల్లో 2014 నుంచే ఉంది.

చివరికి అందరూ కలిసి మీ వాక్యం వద్దన్నారనుకోండి. మీ దగ్గరున్న మూలాల వివరాలన్నీ చర్చ పేజీలో పెట్టి వదిలెయ్యండి. రెండేళ్ళ తర్వాత ఇంకెవరో కొత్త పుస్తకంతో వచ్చినప్పుడు వాళ్ళకి అవి దొరుకుతాయి.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పేజీలో ఇప్పుడు రెండు వాక్యాలున్నాయి. ఈ గుడి చోళుల కాలం నాటిదని స్థలపురాణం చెబుతుంది అన్నది ఒకటి, దాని పక్కన దేవస్థానం వేసిన చిన్న పుస్తకం. గుడిలో దొరికిన శాసనం కాకతీయుల కాలానిది అన్నది రెండోది, దాని పక్కన పదో సంపుటం, శాసనం సంఖ్యతో సహా. మొదటిది నేను రాశాను, రెండోది ఆయన రాశారు.